పండుగదీపముల పెట్టె



దీపము పెట్టుట తొలినుండియు ఇల్లాలి పని. వత్తి చేసి నూనె పోయుటతో ఆ పని తీఱదు. వెలిగించిన దీపము గాలికి ఆఱకుండ కాపాడుటయు ఆమె వంతే. గోడలో దీపపుగూడు ఏ దిక్కున నుండవలెనో, తులసికోట కడ ప్రమిదకు ఏ ప్రక్కనుండి గాలి తగులునో మన అత్తగారలకు తెలిసినంతగా మేస్త్రీలకు తెలియదు. ఇప్పుడు నూనెదీపముల సరసకు విద్యుద్దీపముల తోరణములు వచ్చినవి. వినాయకచవితి మొదలు దసరా, దీపావళి, కార్తికమాసము, క్రిస్మసు, సంక్రాంతి వఱకు ఏదో యొక పేరున ఇంటిముంగిట అవి మిలమిలలాడుచునే యున్నవి. వానిని వరుసగా వెలిగించి, ఆర్పి, రంగులు మార్చి ఆడించు చిన్న యంత్రమును కంట్రోలరు అందురు. తోరణము అందము చూచుటకు వీథివారందఱును వత్తురు. ఆ కంట్రోలరు ఏ పెట్టెలో నున్నదో, అందులోనికి వాననీరు పోవుచున్నదో లేదో చూచువారు మాత్రము అరుదు.

చూడవలసినవారము మనమే. ఏలయన, తోరణము నెవరు కట్టినను, తెల్లవాఱుజామున తడినేలపై ఉత్తకాళ్లతో తిరుగునది మనము. ధనుర్మాసమున కళ్లాపి చల్లి ముగ్గు తీర్చు వేళకు రాత్రి వేసిన దీపములు ఇంకను వెలుగుచునే యుండును. గేటుగుంజకు వ్రేలాడు పెట్టెకును, బకెట్టులో ముంచిన మన చేతికిని నడుమ బారెడు దూరమైన నుండదు. తడిబట్టలు ఆరవేయు ఇనుపతీగ తఱచుగా ఆ గుంజకే కట్టియుండును. మా యింటికి తోరణములు కట్ట వచ్చిన పనివాడు, మేము పెట్టె మూత తీయించి చూచుచుండగా, "అమ్మగారూ, ఇవన్నియు మీకెందుకండీ?" అని నవ్వెను. "రేపు తెల్లవాఱి ఇక్కడ ముగ్గు పెట్టునది నీవు కాదు గదా నాయనా!" అంటిమి.

ఎంత విద్యుత్తు తగిలిన ప్రమాదమను దానికి ఒక లెక్క కలదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన ఛార్లెస్ డాల్జియల్ గడచిన శతాబ్దమున, ఇష్టపడి ముందుకు వచ్చిన స్త్రీపురుషులపై పరీక్షలు జరిపి, తీగను పట్టుకొన్న మనుష్యుడు తనంతట తాను చేయి విడువగలుగు మేర యెంతయో కనుగొనెను. పురుషులకు అది సగటున 16 మిల్లీయాంపియరులు, స్త్రీలకు పదిన్నర. అంతకు మించినచో కండరములు బిగిసికొని, విడువవలెనన్నను చేయి విడివడదు. ఈ పదిన్నర యెంత స్వల్పమో తెలియుటకు ఒక పోలిక చెప్పుదుము. మన పడకగదిలో 230 వోల్టుల కరెంటుపై వెలుగు 5 వాట్ల గుడ్డిదీపము సుమారు 22 మిల్లీయాంపియరులు తీసికొనును. అందులో సగమైనను లేని విద్యుత్తు మన చేతిని తీగకు కట్టివేయగలదన్నమాట. పసిపిల్లలకు అంతకంటెను తక్కువ చాలును.

ఆ డాల్జియల్ గారే 1961లో దీనికి విరుగుడుగా నొక పరికరమును కల్పించిరి. లోనికి వచ్చిన విద్యుత్తు వచ్చినంతయు తిరిగి పోవకున్నచో, అనగా ఎక్కడనో నేలలోనికో మనిషిలోనికో కాఱుచున్నచో, అది వెంటనే ధారను తెంచివేయును. అమెరికా యిండ్లలో ఇది 5 మిల్లీయాంపియరుల కారుటకే తెగును. మన యిండ్లకు బజారులో దొరకు ఆర్.సి.సి.బి. అను మీట 30 మిల్లీయాంపియరులది. ముప్పది యనునది పదిన్నరకంటె ఎక్కువ గదా యని మీరు శంకింపవచ్చును. నిజమే, దెబ్బ తెలియును, బాధయు కలుగును. కాని కనుఱెప్పపాటులో ధార తెగును గావున గుండె లయ తప్పుటకు వ్యవధి యుండదు. దానిమీద పరీక్షకొఱకు ఒక చిన్న బొత్తాము కలదు. నొక్కగానే ఇంటిలోని దీపములు ఆఱిపోవలెను. ఆఱకున్నచో అది చెడిపోయినదని తెలిసికొని మార్పింపవలెను. ఒక చేత ఒక తీగను, రెండవ చేత రెండవ తీగను పట్టుకొన్నవారిని మాత్రము ఇది కాపాడజాలదు; ఎందుకనగా అప్పుడు నేలలోనికి కారునది ఏమియు లేదు. అయినను ఈ మీట లేని యింట బయట తోరణము కట్టరాదనుట మా నిశ్చితాభిప్రాయము. ఇక మీద చెప్పబోవు పెట్టె యెంత చక్కగా కుదిరినను దీనికి బదులు గాదు.

పెట్టెలో నేముండునో చూతము. బజారులో చౌకగా దొరకు సీరియలు తోరణములకు బొత్తాము గల చిన్న ప్లాస్టికు డబ్బా యుండును; నొక్కినకొలది ఎనిమిది విధముల వెలుగును. వీనిలో పెక్కు ఇంటి 230 వోల్టుల కరెంటునే తిన్నగా దీపములలోనికి పంపునవి. దీపము బియ్యపుగింజంత యున్నదని అందలి విద్యుత్తును తక్కువగా నెంచరాదు. తీగపై పొర గీచుకొనిపోయిన చోట ముట్టుకొనుట గోడప్లగ్గులో వ్రేలు పెట్టుటతో సమానము. ఇవి ఇంటిలోపలికే తగినవి. వీని డబ్బాకు ఎంత గట్టి పెట్టె కట్టినను ఫలము లేదు, తీగ పొడవునను ప్రమాదమే గనుక.

రెండవ రకము పిక్సెలు దీపములు. వీనిలో నొక్కొక్క దీపమునకు ఒక చిప్పు కలదు. కంట్రోలరు ఒక సన్నని తీగమీద వరుసగా వార్త పంపగా ఏ దీపము ఏ రంగున వెలుగవలెనో ఆ దీపము గ్రహించును. ఇవి 5 వోల్టులకో 12 వోల్టులకో పనిచేయును గనుక తోరణమును తాకినవారికి ప్రాణభయము లేదు. అయితే ఇంటి 230 వోల్టులను ఈ 12గా మార్చుటకు ఎస్.ఎం.పి.ఎస్. అను చిల్లుల లోహపుడబ్బా కావలెను. ప్రమాదమంతయు తోరణమును విడిచి ఆ డబ్బాలోనికి చేరినది. అది యుండు పెట్టెయే మన ప్రస్తుత విషయము.

దానిని కిటికీ లోపలి ప్రక్కనే యుంచి, సన్నతీగలను మాత్రము బయటికి తీసికొనరాదా? కొనవచ్చును. నూఱు దీపముల చిన్న తోరణమునకు అదియే మేలు. అట్టివారు ఈ వ్యాసమును ఇక్కడితో మడిచిపెట్టినను మేము నొచ్చుకొనము. చిక్కు ఎక్కడ వచ్చుననగా, తక్కువ వోల్టుల విద్యుత్తు దూరము నడువలేదు. 5 వోల్టుల దీపములు నూఱు తెల్లగా వెలిగినచో 30 వాట్లు, అనగా 6 యాంపియరులు కావలెను. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరుల రాగితీగమీద దానిని 10 మీటరులు పంపినచో దారిలోనే ఇంచుమించు ఒకటిన్నర వోల్టు హరించిపోవును. అయిదులో ఒకటిన్నర పోయిన మిగులునదేమి? తెల్లని దీపము ఎఱ్ఱబాఱి దీనముగా కనబడును. అదే 30 వాట్లను 230 వోల్టులమీద అదే తీగతో పంపినచో పోవునది లెక్కింపనక్కఱలేనంత. అందుచేత పెద్ద లోగిలి గలవారును, బడికో గుడికో దీపములు కట్టువారును పెద్ద కరెంటును దీపముల దాపునకే కొనిపోయి అక్కడ మార్చుకొందురు. పెట్టె బయటికి వచ్చుటకు కారణమిది.

ఈ వేడుకకు పుట్టినిల్లు అమెరికా. ఎడిసన్ గారి తోడివాడు ఎడ్వర్డ్ జాన్సన్ 1882 డిసెంబరులో న్యూయార్కులోని తన యింట క్రిస్మసుచెట్టునకు ఎఱుపు, తెలుపు, నీలము రంగుల విద్యుద్దీపములు 80 అమర్చెను. చెట్టు మెల్లగా తిరుగుచుండగా దీపములు వెలుగుచు, ఆఱుచు నుండెడివట. దానికి వానభయము లేదు, ఇంటిలోపలిది. 1923 డిసెంబరు 24న అధ్యక్షుడు కూలిడ్జి వాషింగ్టనులో ఆరుబయట చెట్టునకు 2,500 దీపములు వెలిగించెను. మన కాలమున, ఒహయో రాష్ట్రములోని మేసన్ పట్టణవాసి కార్సన్ విలియమ్స్ 2004లో తన యింటిమీద 16,000 దీపములను సంగీతమునకు సరిగా నాట్యమాడించెను. ఆ చిత్రము మఱుసటి యేడు లోకమంతట వ్యాపించిన పిదప ఇంటింట కంట్రోలరులు మొలచినవి. అక్కడి మన తెలుగు కుటుంబములవారు దీపావళికి కట్టిన తోరణములను క్రొత్తసంవత్సరము వఱకు విప్పరు. పెట్టె చేయు విద్యలో అక్కడివారి కనుభవము ఎక్కువ. టెలిఫోను, కేబులు సంస్థలవారు గోడలకు తగిలించు ప్లాస్టికు పెట్టెలను, సైనికులు తూటాలు దాచుకొను రబ్బరంచు ఇనుపపెట్టెలను సయితము తెచ్చి వారు కంట్రోలరులకు ఇండ్లుగా మార్చుకొనిరి.

ఇక ముఖ్యవిషయమునకు వచ్చుచున్నారము. నీరు లోనికి రాకుండ పెట్టెను నలువైపుల బిగించివేసిన చాలునని చాలమంది తలంపు. మా యనుభవమున అట్లు బిగించిన పెట్టెలే ముందుగా పాడైనవి. కారణము మన వంటింటిలోనే కలదు. వేడియన్నముపై మూత పెట్టి కొంతసేపటికి తీసినచో మూత లోపల నీటిచుక్కలు వ్రేలాడును గదా. గాలి వేడిగా నున్నపుడు తేమను ఎక్కువ మోయును. చల్లబడినపుడు మోయలేక జారవిడుచును. 30 డిగ్రీల గాలి ఘనపుమీటరునకు సుమారు 30 గ్రాముల తేమను పట్టుకొనగలదు. 20 డిగ్రీల గాలికి 17 గ్రాములకే కడుపు నిండును. తడిగాలి నిండిన పది లీటరుల పెట్టె ఒక రాత్రి అంత చల్లబడినచో రెండు మూడు చుక్కల నీరు దానిలోపలనే పుట్టును. పగలు వేడికి గాలి వ్యాకోచించి సందులగుండ బయటికి పోవును. రాత్రి కుంచించుకొని క్రొత్త తడిగాలిని లోనికి పీల్చును. ప్రతిదినము ఇట్లే యూపిరి పీల్చుచు పెట్టె తన నీటిని తానే కూర్చుకొనును. నెలదినములలో అడుగున చెమ్మ చేరును, రాగికొసలు పచ్చబడును.

ఎండలో మండుచున్న పెట్టెపై ఉన్నట్లుండి జల్లు పడినపుడు జరుగునది మఱింత చిత్రము. 50 డిగ్రీల నుండి 25కు చల్లబడిన గాలి పదుమూడవ పాలు కుంచించుకొనును. ఆ లోటు పూడ్చుకొనుటకు పెట్టె చుట్టునున్న సందులలోనుండి పీల్చును. ఆ సమయమున సందుపై నిలిచియున్నది వాననీరే.

అందుచే మేము చెప్పునదేమనగా: నీరు వచ్చునని నమ్మి, అది పోవుటకు దారి ముందుగా చూపవలెను. కార్తికమాసమున ధ్వజస్తంభమునకు ఎత్తు ఆకాశదీపమును చూడుడు. చిల్లుల పాత్రలో దీపము నుంతురు. గాలి కొట్టదు, గాలి ఆడకయు పోదు. కిరసనాయిలు లాంతరును చేసినవాడు గాజుచిమ్నీ క్రిందను పైనను రంధ్రములు విడిచిపెట్టెను. అమెరికావారు బయటి పెట్టెలకు ఇచ్చిన తరగతులలో 3ఆర్ అనునది యొకటి కలదు. అది నిక్కముగా వానకొఱకు ఏర్పడినది. అయినను దానికి అడుగున నీరు కారిపోవు రంధ్రములు ఒప్పుకొనబడినవి.

మా వీథిలో నొక యేడు వినాయకుని పందిరికి కట్టిన తోరణముల కంట్రోలరును అలంకరణవారు పాలిథిన్ సంచిలో పెట్టి, మూతి దారముతో బిగించి, ఇనుపగుంజకు కట్టిరి. మూడవనాటికి సంచిలో నీరు నిలిచినది. సంచి మూతి పైకి నుండుటచే వాన దానిలోనికి దారి చేసికొన్నది. వచ్చిన నీరు పోవుటకు దారి లేదు. ఆ యుదయము గుంజను ఒరసికొన్న గేదెదూడ కూలి మరి లేవలేదు. అంతకు గడియ ముందు పిల్లలు ప్రసాదమునకై అదే గుంజను పట్టుకొని వరుసగా నిలిచియుండిరి. పందిరికి కరెంటు తెచ్చిన ప్లగ్గు వెనుక ఆర్.సి.సి.బి. లేదు. అంత సంచికంటె బోర్లించిన ప్లాస్టికు బకెట్టు వేయిరెట్లు మేలు. నేలకు ఆనకుండ గోడకు వ్రేలాడదీసినచో వాన దానిలోనికి ఎక్కలేదు, గాలి క్రిందినుండి ఆడుచుండును. ఒక్క రాత్రి గడుపవలసివచ్చినవారికి ఆ యుపాయము.

నిలుకడగా కట్టుకొనువారికి మేము చేసిన విధము చెప్పుదుము. మా వారును, మఱదియు, మేమును కూడి బడికొక్కటి, ఇంటికొక్కటి చేసితిమి. పెట్టె మూరెడు పొడవు, జానెడు వెడల్పు గలది, పాలికార్బొనేటుతో చేసినది, విద్యుత్సామగ్రి దుకాణములలో దొరకును. వంటింటి ప్లాస్టికు డబ్బాలు చౌకయే గాని రెండు వేసవుల యెండకు పెళుసెక్కి, మూత తీయబోవ అంచు విఱుగును. ఇనుపపెట్టె మన సముద్రతీరపు గాలికి త్రుప్పు పట్టును. పైగా దానికి ఎర్తుతీగ కలుపుట మఱచినచో పెట్టెయే శత్రువగును.

పెట్టెలమీద ఐ.పి. అను అక్షరముల ప్రక్క రెండంకెలు వ్రాసియుండును. మొదటిది దుమ్మునకు, రెండవది నీటికి. 44 అనిన నలువైపులనుండి చిందు నీటికి తాళును. 65 అనిన దుమ్ము చొరదు, గొట్టముతో కొట్టిన నీటికిని ఓర్చును. 67 అనిన మీటరు లోతు నీట అరగంట మునిగినను చెడదు. దుకాణదారు పెద్ద అంకె చూపి పెద్ద వెల చెప్పును. మనకు 65 చాలును. ఆ యంకె రంధ్రము పొడువని పెట్టెకు వర్తించునదని మాత్రము జ్ఞప్తియందుంచుకొనుడు. తీగకొఱకు మీరు పొడిచిన మొదటి రంధ్రముతో అది రద్దగును; తీగచుట్టు గ్లాండు బిగించినపుడు ఇంచుమించు తిరిగి వచ్చును.

గ్లాండు అనునది మఱలమూత గల చిన్న గొట్టము. లోపల రబ్బరుకట్టు తీగను నలుప్రక్కల నొక్కి పట్టుకొనును. ఇంటినుండి వచ్చు మూడుతీగల గుండ్రని కేబులుకు పి.జి. 11 అను కొలత సరిపోవును. అది 5 మొదలు 10 మిల్లీమీటరుల లావు తీగను పట్టును. ఇక్కడ పనివారు చేయు మోసము రెండు విధములు. బల్లపరుపు తీగను గుండ్రని గ్లాండులో దూర్చుట యొకటి, ఒకే గ్లాండులో రెండు తీగలు కుక్కుట రెండవది. రెండింటను నడుమ సందు మిగులును. ఒక్కొక్క తీగకు ఒక్కొక్క గ్లాండు, అన్నియు పెట్టె అడుగుభాగమున. పైనగాని ప్రక్కలగాని ఒక్క రంధ్రమును వలదు.

తీగను పెట్టెలోనికి తిన్నగా దింపరాదు. ముందుగా పెట్టెకంటె జానెడు క్రిందికి వ్రేలాడనిచ్చి, ఉయ్యాలవలె వంపు తీసి, అక్కడనుండి పైకి ఎక్కింపవలెను. తీగవెంట జారివచ్చు నీరు ఆ వంపు అడుగున చేరి, అరటాకు కొసనుండి జారినట్లు నేలపై రాలును. కానిఖర్చు లేని యీ వంపు, వెలగల రబ్బరుకట్టులకంటె ఎక్కువ కాపాడును.

పెట్టె లోపల ఎస్.ఎం.పి.ఎస్.ను, కంట్రోలరును అడుగున పరుండబెట్టక, వెనుకగోడకు ఒక పలక బిగించి దానిమీద, అడుగునుండి నాలుగంగుళముల యెత్తున అమర్చితిమి. ఎస్.ఎం.పి.ఎస్. లోహపుడబ్బాకు ఎర్తు తప్పక చేర్చవలెను. దీపములకు పోవు తీగకొక్కింటికి ఒక ఫ్యూజు. పెట్టె అడుగున అన్నిటికంటె పల్లమైన మూలను అయిదు మిల్లీమీటరుల రంధ్ర మొకటి చేసి, లోపలినుండి సన్నని ఇత్తడిజల్లెడ ముక్క నంటించితిమి. ఈ రంధ్రముతో ఐ.పి. అంకె మరల దిగజారునని మా మఱది వాదించెను. దిగజారనిండు. పెట్టె చూరు క్రింద నున్నది, రంధ్రము నేల చూచుచున్నది, దానిలోనికి వాన ఎగురలేదు. వెల పెట్టగలవారికి గాలిని, ఆవిరిని పోనిచ్చి నీటిని ఆపు సన్నపొర గల చిన్న బిరడాలును దొరకును.

జల్లెడ యెందుకందురా? మన దేశమున పెట్టెకు వానతో సమానమైన పగవారు చీమలును బల్లులును. వెచ్చని చీకటిగది దొరకినచో బల్లి గ్రుడ్లు పెట్టును; 230 వోల్టుల కొసలమధ్య తోక యాడించి తాను చచ్చి, ఫ్యూజును చంపును. ఏ అమెరికా పుస్తకమునను ఈ సంగతి యంతగా కనబడదు. వారి చిక్కు మంచు. ఉత్తరపు రాష్ట్రములలో పెట్టెను నేలపై నుంచినచో అది మంచులో పూడుకొనిపోవును. కఱిగిన నీరు మూత అంచున చేరి మరల గడ్డకట్టి మూతను తెఱవనీయదు. అందుచే వారు గుంజ పాతి, మంచు పేరుకొను మట్టముకంటె ఎత్తున తగిలింతురు. మనమును నేలకు రెండడుగుల యెత్తునైన నుంచవలెను, వాన చిందుకొఱకును, కళ్లాపికొఱకును.

సందులు పూడ్చుటకు సిలికాను మైనము వాడువారు దానిని ముందు వాసన చూడవలెను. ఆఱుచుండగా వెనిగరువలె పుల్లని వాసన వేయు రకము ఆమ్లమును వెడలించి రాగిని తినివేయును. బిగించిన పెట్టెలో ఆ యావిరి పోవుటకు దారియు లేదు. చింతపండు పులుసు కలాయి లేని యిత్తడిగిన్నెను ఏమి చేయునో మనకు తెలియనిది గాదు. విద్యుత్సామగ్రికి పులుపువాసన లేని రకము వేఱుగా నమ్ముదురు, అదియే కొనవలెను.

వేడిమి సంగతి తేలికగా విడువరానిది. 350 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. నిండుభారమున పనిచేయునపుడు నూటికి ఎనుబదియైదు పాళ్లే దీపములకు ముట్టజెప్పును. మిగిలినది, సుమారు 60 వాట్లు, పెట్టెలోనే వేడిగా నిలుచును. పాతకాలపు 60 కాండిలు బల్బును మూతపెట్టిన డబ్బాలో వెలిగించినట్లు. కావున అవసరముకంటె పెద్ద ఎస్.ఎం.పి.ఎస్. తెచ్చి, దాని శక్తిలో సగమో మూడువంతులలో రెండో మాత్రమే వాడవలెను. పెట్టెయు ఇఱుకుగా నుండరాదు. పడమటి గోడకు తగిలించుట కూడదు. తూర్పుననో ఉత్తరముననో చూరునీడలో నుంచినచో ఎండయు వానయు రెండును తగ్గును. ఇంకొక మాట: కొంచెము వెచ్చగా నుండు పెట్టెలో తేమ చుక్కకట్టదు. రాత్రి దీపములు ఆర్పినను కంట్రోలరును మాత్రము మేలుకొననిచ్చువారు అమెరికాలో పలువురు. మేమట్లు చేయము; ఎవరును చూడని వేళ బయట 230 వోల్టులు నిలిచియుండుట మాకు రుచింపదు. రంధ్రమును, చూరునీడయు చాలినవి.

తుపానుల సంగతి వేఱు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకినది. ఆ యేటి దీపావళి 23న. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దాపున తీరము చేరునప్పటికి క్రిస్మసునక్షత్రములు ఇండ్లముందు వ్రేలాడుచుండెను. అంతటి గాలివానకు ఏ యింటిపెట్టెయు నిలువదు. వార్త వినినంతనే ప్లగ్గు తీసి, పెట్టెను లోనికి తెచ్చుకొనవలెను. తీసి పెట్టుటకు వీలుగా రెండు కొక్కెములకు మాత్రమే తగిలింపుడు. గోడకు మఱలతో శాశ్వతముగా బిగించినవారు గాలివానలో నిచ్చెన ఎక్కవలసివచ్చును. తుపాను వెలిసిన పిదప తడిసిన పెట్టెను తుడిచి, మూత తెఱచి రెండుమూడు దినములు నీడలో ఆరనిచ్చి, తెలిసినవారిచేత చూపించిన తరువాతనే ప్లగ్గు పెట్టవలెను. మూత తెఱచుటకు ముందు ప్రతిసారియు ప్లగ్గు ఊడదీయవలెనని వేఱుగా చెప్పనక్కఱలేదనుకొందుము. మీట ఆర్పుట చాలదు. ప్లగ్గు చేతిలో కనబడవలెను.

తేమను పీల్చు సిలికాజెల్ పొట్లములు పెట్టెలో వేయవచ్చునా యని మా ప్రక్కయింటి వదినగారు అడిగిరి. రంధ్రము గల పెట్టెలో అవి వారమునకే నిండిపోయి ఊరకుండును. ఆ పొట్లములు పనికివచ్చునది సంక్రాంతి వెళ్లిన పిదప. కనుమ మఱునాడు తోరణములు విప్పి, పెట్టెను తుడిచి, లోపలి కొసలు పచ్చబడెనేమో చూచి, ఆరిన పొట్లములు నాలుగు వేసి, రంధ్రమును అంటుబిళ్లతో మూసి అటక యెక్కింతుము. నీలివన్నె గింజలు గల పొట్లములలో కోబాల్టు ఉండును, పసిపిల్లలకు అందనీయరాదు. నారింజరంగు గింజలు మేలు.

పెట్టె మూత లోపల ఒక చీటీ యంటించి, ఏనాడు కట్టినది, ఏనాడు పరీక్షబొత్తాము నొక్కినది, జల్లెడ ఎప్పుడు మార్చినది మా పెద్దమ్మాయి వ్రాసి యుంచుచున్నది. గడచిన యేడు జల్లెడను రెండుమార్లు మార్చవలసివచ్చినది. చీమలు దానిని బయటినుండి మట్టితో పూడ్చివేయుచున్నవి. ఇప్పుడు పదిదినముల కొకసారి పాత దంతధావనపు బ్రష్షుతో ఆ రంధ్రమును గీకుచున్నారము.